సీజీపీఏ తక్కువ.. పెద్ద లా ఫర్మ్‌కి దారుందా?

రాత్రి పదిన్నరకు మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. అప్పుడు తను ఓ నేషనల్ లా యూనివర్సిటీలో నాలుగో ఏడాది. "అన్నయ్యా, షార్ట్‌లిస్టులు పెట్టారు. ఒక్కదాంట్లో కూడా నా పేరు లేదు" అంది. ఏడుస్తుందేమో అనుకున్నా. ఏడవలేదు. "లోను పన్నెండు లక్షలు దాటింది. నాన్నకి ఏం చెప్పాలి?" అని అడిగింది.

ఆ మాట నాకు కొత్త కాదు. 2018లో గుంటూరు దగ్గర ఓ ఇంజినీరింగ్ కాలేజీలో, ప్లేస్‌మెంట్ హాలు బయట నేనూ అలాగే నిలబడ్డా. ఎం-1 రెండుసార్లు రాశా, మరో మూడు సబ్జెక్టులు తోక పట్టుకుని వచ్చాయి. చివరికి చేతికొచ్చింది 57 శాతం. నోటీసు బోర్డు మీద ఏ కంపెనీ పేరున్నా కింద ఒకటే లైను: '60 శాతం, నో బ్యాక్‌లాగ్స్'. ఆ మూడు శాతం తేడాకి నన్ను కనీసం రాతపరీక్షకి కూడా కూర్చోనివ్వలేదు.

తర్వాత హైదరాబాద్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరా. లాయర్ల ఆఫీసులకి డాక్యుమెంట్లు సరిచూసే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళం. దాన్ని ఇన్‌స్టాల్ చేసి, వాళ్ళకి అలవాటయ్యేదాకా పక్కన కూర్చోవడం నా పని. అలా రెండేళ్ళు చిన్నా పెద్దా లా ఫర్మ్‌ల లోపల తిరిగా. అక్కడ ఎవర్ని ఎందుకు తీసుకుంటారో, ఎవర్ని ఎందుకు ఉంచుకుంటారో కాస్త దగ్గరగా చూశా. అందుకే చెల్లి ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది.

మీరూ లా చదువుతూ, మార్కుల షీట్ చూసుకుని 'ఇక పెద్ద ఫర్మ్‌లు మనకి కాదులే' అనుకుంటూ ఉంటే, తనకి చెప్పిందే మీకూ చెప్తా. ముందే ఒక మాట. 'మనసుంటే మార్గముంటుంది' అని ఊరడించను. మొదటి తలుపు నిజంగానే మూసుకుంటుంది. అది ఎలా మూసుకుంటుందో తెలిస్తేనే, ఇంకో తలుపు ఎక్కడుందో వెతకడం కుదురుతుంది.

డే జీరో రోజు ఏం జరుగుతుంది?

పెద్ద ఫర్మ్‌లు అనగానే లా విద్యార్థులు చెప్పే పేర్లు దాదాపు ఒకటే: సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, శార్దూల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్ (2015లో ఒకే అమర్‌చంద్ రెండుగా విడిపోతే వచ్చినవే ఈ రెండూ), ఖైతాన్, ఏజడ్‌బీ, ట్రైలీగల్, జేఎస్ఏ. కంపెనీల కొనుగోళ్ళు, ఐపీఓలు, బ్యాంకు రుణాలు, దివాలా కేసులు, పెద్ద పెద్ద ఆర్బిట్రేషన్లు వీళ్ళ పని. కొత్తగా చేరినవాళ్ళకి ఏడాదికి 15 లక్షలకు పైగా ఇచ్చే సంస్థలు వీటిలో ఉన్నాయి. మరోవైపు, జూనియర్ లాయర్లకి పట్టణాల్లో నెలకు కనీసం 20 వేలు, పల్లెల్లో 15 వేలు స్టైపెండ్ ఇవ్వండి అని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సీనియర్లకు సూచించాల్సి వచ్చింది. సూచనే, ఆదేశం కాదు. ఒకే డిగ్రీకి ఇంత తేడా ఉన్నప్పుడు పిల్లలంతా ఒకే తలుపు మీద పడటంలో వింతేముంది?

మన హైదరాబాద్ శామీర్‌పేటలోని నల్సార్‌లో గానీ, బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో గానీ, అలాంటి మరికొన్ని చోట్ల గానీ ఫర్మ్‌లు క్యాంపస్‌కి వచ్చే మొదటి రోజుని 'డే జీరో' అంటారు. ఇది ఐదో ఏడాది చివర్లో అనుకునేరు. చాలాచోట్ల నాలుగో ఏడాదిలోనే, కొన్నిచోట్ల ఇంకా ముందే అయిపోతుంది. అంటే మీ మీద తీర్పు వచ్చేసరికి మీరు రాసిన పరీక్షలు ఆరో, ఏడో సెమిస్టర్లవి. ఆ సగటులో పెద్ద వాటా మొదటి రెండేళ్ళదే.

మా చెల్లి దెబ్బతిన్నది అక్కడే. పదో తరగతి వరకు తెలుగు మీడియం. మొదటి ఏడాది క్లాసులో ఇంగ్లిష్ తీర్పులు చదవడానికే ఒక్కోదానికి మూడేసి గంటలు పట్టేదట. మూడో ఏడాదికి కుదురుకుంది, గ్రేడ్లూ పెరిగాయి. కానీ సీజీపీఏ అంటే సగటు. పాత సెమిస్టర్లు అప్పుల వాళ్ళలా వెంటే వస్తాయి.

మరి ఫర్మ్‌లు మార్కులే ఎందుకు చూస్తాయి? వాళ్ళు అంత గుడ్డివాళ్ళా? కాదు. లా ఫర్మ్ అమ్మేది గంటలు. పార్ట్‌నర్ ఒక రోజు మీ క్యాంపస్‌లో కూర్చున్నాడంటే ఆ రోజు క్లయింటుకి బిల్లు వేయని గంటలన్నీ నష్టమే. ముందున్న సీవీల కట్టని ఒక్క పూటలో వడపోయాలి. అందరి సీవీల్లోనూ మూట్ కోర్టులున్నాయి, ఇంటర్న్‌షిప్‌లున్నాయి, పబ్లికేషన్లున్నాయి. చటుక్కున పోల్చి చూడగలిగే అంకె ఒక్కటే, సీజీపీఏ. దానివల్ల మంచివాళ్ళు కొందరు పోతారని వాళ్ళకీ తెలుసు. మిగిలినవాళ్ళతో పని గడుస్తుంది కాబట్టి పట్టించుకోరు. నా 57 శాతం విషయంలోనూ ఇదే జరిగిందని చాలా ఏళ్ళకి అర్థమైంది. అది నా మీద కోపం కాదు, వాళ్ళకి టైం లేకపోవడం.

ఇక్కడే ఇంకో మాట. ఉస్మానియాలోనో, ఆంధ్రా యూనివర్సిటీలోనో, అనుబంధ కాలేజీలోనో లా చదివేవాళ్ళకి ఈ గొడవంతా వేరే లోకంలా ఉంటుంది. మీ దగ్గరికి ఆ ఫర్మ్‌లు అసలు రావు. మీకు 75 శాతం ఉన్నా మీరు నిలబడేది, కింది సగంలో ఉన్న మా చెల్లి నిలబడ్డ చోటే, అంటే బయట. కాబట్టి ఇకపై చెప్పేది ఇద్దరికీ వర్తిస్తుంది. నిజం చెప్పాలంటే మీకే ఎక్కువ.

ఫర్మ్ అంటే ఒకటి కాదు

బయటినుంచి చూస్తే లా ఫర్మ్ ఒకే కంపెనీలా కనిపిస్తుంది. లోపలికి వెళ్తే ఒకే బోర్డు కింద నడిచే ఇరవై ముప్పై దుకాణాలు. ఒక్కో పార్ట్‌నర్‌కి ఒక్కో టీము. ఆ టీముకి తన క్లయింట్లు, తన లెక్కలు. క్యాంపస్ నుంచి తీసుకునేది ఫర్మ్. ఏడాది మధ్యలో తీసుకునేది టీము. ఈ తేడా పట్టుకోండి.

మంగళవారం ఒక అసోసియేట్ రాజీనామా చేశాడనుకోండి. డీల్ వచ్చే నెల్లో ముగియాలి. అప్పుడు పార్ట్‌నర్ క్యాంపస్‌కి వెళ్ళడు. తెలిసినవాళ్ళకి ఫోన్ చేస్తాడు: "లోన్ అగ్రిమెంట్లు చేసిన పిల్లలెవరైనా ఉన్నారా?" ఆ సమయానికి ప్రశ్న మారిపోయింది. 'నీకెంత వచ్చాయి?' కాదు, 'ఈ పని ఇంతకుముందు చేశావా?' అన్నది. ఆ ప్రశ్నకి 'చేశా' అనే జవాబు తయారుచేసుకోవడమే మార్కులు తక్కువున్నవాళ్ళ మొత్తం వ్యూహం. వేరే రహస్యం ఏమీ లేదు.

ఆ 'ఈ పని' ఏదవ్వాలి? కొత్త చట్టం వచ్చిన చోట చూడండి. 2016లో ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్టసీ కోడ్ వచ్చింది. పదేళ్ళ అనుభవం ఉన్న లాయరుకీ, నిన్న చేరిన పిల్లాడికీ ఆ చట్టంలో అనుభవం అప్పుడు ఒకటే: సున్నా. టీములు ఒక్కసారిగా పెరిగాయి. ఇప్పుడు అలాంటిదే డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం. 2023లో చట్టమైంది, 2025 నవంబరులో నియమాలొచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తోంది. ఉల్లంఘిస్తే జరిమానా 250 కోట్ల దాకా ఉంది కాబట్టి కంపెనీలు దీన్ని తేలిగ్గా తీసుకోలేవు. మీ తరగతి టాపర్‌కి కంపెనీ లాలో ఉన్న ఆధిక్యం ఇక్కడ ఇంకా ఏర్పడలేదు. ఏర్పడేలోపే కదలాలి.

నాలుగు వారాల లెక్క

బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఐదేళ్ళ కోర్సులో కనీసం 20 వారాలు, మూడేళ్ళ కోర్సులో 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదైనా ఒకేసారి వరసగా నాలుగు వారాలకి మించకూడదు. అంటే మీ చేతిలో ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన నాలుగు వారాల ముక్కలు. చాలామంది వాటిని ఎలా వాడతారంటే ఒకటి ఎన్జీఓ, ఒకటి జిల్లా కోర్టు, ఒకటి హైకోర్టు, ఒకటి మావయ్యగారి స్నేహితుడి ఆఫీసు. సీవీ నిండుగా ఉంటుంది. చదివినవాళ్ళకి మాత్రం మీకేం వచ్చో అర్థం కాదు.

మార్కులు బాగున్నవాళ్ళు అలా తిరిగినా చెల్లుతుంది. మీకు చెల్లదు. మొదటి రెండూ ఎలాగూ అయిపోయి ఉంటే పోనీండి. మిగిలినవన్నీ ఒకే రంగంలో పెట్టండి. మా చెల్లి ఎంచుకున్నది దివాలా చట్టం. కారణం గొప్పదేం కాదు. ఎన్‌సీఎల్‌టీ బెంచ్ హైదరాబాద్‌లో ఉంది, పిన్ని వాళ్ళిల్లు కూడా హైదరాబాద్‌లోనే, హాస్టల్ ఖర్చు లేదు.

పెద్ద ఫర్మ్‌ల ఇంటర్న్‌షిప్ ఫారాల్లోనూ సీజీపీఏ గడి ఉంటుంది. అందుకే తను వాటి జోలికి వెళ్ళకుండా ఎన్‌సీఎల్‌టీలో రోజూ కనిపించే చిన్న ఛాంబర్లకి రాసింది. మొదట రాసిన మెయిళ్ళు నాకు చూపించింది. 'రెస్పెక్టెడ్ సర్' తో మొదలై, తనకి లా మీద ఉన్న ఇష్టం గురించి పేరా, నాయకత్వ లక్షణాల గురించి పేరా. నేను అడిగిందొక్కటే: "ఇది చదివితే ఆయనకి సోమవారం ఏం పని తగ్గుతుంది?" తనకి కోపమొచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు.

తర్వాత మార్చింది. ఆ ఛాంబర్ వాదించిన ఒక కేసు ఆర్డర్‌ని ఎన్‌సీఎల్‌టీ వెబ్‌సైట్ నుంచి తీసి, దాని మీద రెండు పేజీల నోట్ రాసి జతచేసింది. మెయిల్ నాలుగు లైన్లే. అరవైకి పైగా పంపింది. ఐదు జవాబులు, అందులో మూడు 'ఖాళీ లేదు'. ఒకచోట చోటు దొరికింది. మెయిల్ ఎప్పుడూ పెద్దాయనకే పంపాలని కూడా లేదు. ఆ టీములో నాలుగైదేళ్ళ అనుభవం ఉన్న అసోసియేట్ ఉంటారు కదా, నిజంగా పని భారం ఉండేది వాళ్ళ మీదే. 'ఒక ఇంటర్న్ కావాలి సర్' అని అడిగేదీ వాళ్ళే.

అన్నట్టు, డబ్బు కడితే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటనలు మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. వాటి జోలికి పోకండి. నేను చూసిన ఏ పార్ట్‌నరూ సర్టిఫికెట్ చదవలేదు. 'ఏం డ్రాఫ్ట్ చేశావ్?' అనే అడిగారు.

ఇంట్లో కూర్చుని నేర్చుకునే పని

ఇక నాకు బాగా నచ్చే భాగం, ఎందుకంటే దీనికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. పెద్ద ఫర్మ్‌లు చేసే పనిలో చాలా భాగం బహిరంగంగా, ఉచితంగా పడి ఉంది. మనమే చూడం.

సెబీ వెబ్‌సైట్‌కి వెళ్ళండి. ఐపీఓకి వచ్చే కంపెనీలు వేసే ముసాయిదా ప్రాస్పెక్టస్, అదే డీఆర్‌హెచ్‌పీ, అక్కడ దొరుకుతుంది. వందల పేజీలుంటుంది. అంతా చదవక్కర్లేదు. మీకు తెలిసిన కంపెనీ ఒకటి తీసుకోండి. 'జనరల్ ఇన్ఫర్మేషన్' అధ్యాయంలో ఏ లా ఫర్మ్ ఎవరి తరఫున పనిచేసిందో పేర్లుంటాయి. తర్వాత పెండింగు కేసుల అధ్యాయం, రిస్క్ ఫ్యాక్టర్లు చదవండి. కొన్ని నెలలకి అదే కంపెనీ తుది ప్రాస్పెక్టస్ వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూడండి. ఎక్కడ కొత్త వాక్యం చేరింది, ఎందుకు చేరి ఉంటుంది? క్యాపిటల్ మార్కెట్స్ టీములో జూనియర్ చేసే పని అచ్చంగా ఇదే. ఇలాంటివి మూడు చేసి నోట్ రాసుకున్నవాడితో మాట్లాడుతుంటే ఎదుటివాళ్ళకి రెండు నిమిషాల్లో తేడా తెలిసిపోతుంది.

కాంపిటీషన్ చట్టం ఇష్టమైతే, విలీనాలకి అనుమతిస్తూ కాంపిటీషన్ కమిషన్ ఇచ్చే ఆర్డర్లు వాళ్ళ సైట్‌లో ఉంటాయి. ఏదైనా కంపెనీ దాఖలు చేసిన పత్రాలు కావాలంటే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీకి వంద రూపాయలు కడితే చూడొచ్చు. తీర్పులకి ఇండియన్ కానూన్ ఉండనే ఉంది. ఎన్‌సీఎల్‌టీలో వాదనలు వినాలంటే వెళ్ళి వెనక వరుసలో కూర్చోవచ్చు, ఓపెన్ కోర్టే.

భాష గురించి ఒక మాట చెప్పాలి. తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లిష్ అనగానే గలగలా మాట్లాడటం అనుకుని భయపడతారు. నేనో ఆఫీసులో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తుండగా రాత్రి పదకొండింటికి జరిగిందిది. తెల్లారితే సంతకాలు. ఒప్పందమంతా 'క్లోజింగ్ డేట్' అని ఉంటే, ఒక్క క్లాజులో మాత్రం 'కంప్లీషన్ డేట్' అని పడింది. దానికి నిర్వచనం ఎక్కడా లేదు. పాత డీల్ నుంచి కాపీ చేసినప్పుడు వచ్చి చేరింది. డబ్బు ఏ రోజు చేతులు మారాలన్నది ఆ పదం మీదే ఆధారపడి ఉంది. పట్టుకున్నది ఒక మొదటి ఏడాది అసోసియేట్. ఆ అమ్మాయి మీటింగుల్లో నోరు విప్పగా నేను చూడలేదు. మర్నాటి నుంచి ఆ టీములో ఏ డాక్యుమెంట్ బయటికి వెళ్ళాలన్నా "ఒకసారి తనకి చూపించండి" అనేవారు. ఫర్మ్‌కి కావాల్సిన ఇంగ్లిష్ అదన్నమాట. వాడిన పదమే మళ్ళీ వాడటం, క్లాజు నంబర్లు తప్పకపోవడం, 'షల్', 'మే' తేడా తెలియడం. ఇది అభ్యాసంతో వస్తుంది, యాసతో పనిలేదు.

ఏఐ వచ్చాక ఇవన్నీ ఎందుకు అంటారా? సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్ 2023లోనే హార్వీ అనే లీగల్ ఏఐని తీసుకుంది. మిగతావాళ్ళూ ఏదో ఒకటి వాడుతున్నారు. మొదటి డ్రాఫ్టు, కాగితాల గుట్టలో వెతుకులాట యంత్రం చేసేస్తుంది. దాని వల్ల కొత్తవాళ్ళ సీట్లు కొన్ని తగ్గొచ్చనే నా భయం. అయితే యంత్రం ధీమాగా రాసిన లేని కేసుని, తప్పు క్లాజుని పట్టుకునేవాళ్ళు మాత్రం కావాలి. ఏఐ ఇచ్చిన సారాంశాన్ని అసలు తీర్పుతో పోల్చి ఎక్కడ తప్పిందో రాసి చూపించండి. అది కూడా ఒక మంచి నోటే.

బీటెక్ తర్వాత లా అయితే?

ఈ పేజీ చదివేవాళ్ళలో ఇంజినీరింగ్ వాళ్ళూ చాలామంది ఉంటారని తెలుసు. మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీకి డిగ్రీలో జనరల్ కేటగిరీకి 45 శాతం చాలు, ఓబీసీలకి 42, ఎస్సీ ఎస్టీలకి 40. తెలంగాణ, ఏపీ రెండుచోట్లా లాసెట్ ద్వారా సీట్లు. 60 దగ్గర ఆగిపోయినవాళ్ళకి ఇది ఊరటే. కానీ క్యాంపస్‌కి పెద్ద ఫర్మ్ వస్తుందనుకుని చేరకండి, రాదు.

మీకున్న నిజమైన బలం వేరే ఉంది. పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయాలంటే సైన్స్, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ ఉండాలి. లా డిగ్రీ అక్కర్లేదు. కామర్స్‌తో లా చేసిన టాపర్ ఈ పరీక్ష రాయలేడు, 57 శాతం బీటెక్ రాయొచ్చు. ఒక్కో పేపర్లో కనీసం 50, మొత్తం మీద 60 శాతం రావాలి. ఏటా తప్పకుండా జరిగే పరీక్ష కాదు, నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచాలి. మొబైల్ పేటెంట్ల వివాదంలో ఎరిక్సన్‌కి లావా సుమారు 244 కోట్లు చెల్లించాలని ఢిల్లీ హైకోర్టు 2024లో తీర్పిచ్చింది. అలాంటి కేసులో 3జీ సిగ్నల్ ఎలా నడుస్తుందో జడ్జికి అర్థమయ్యేలా రాయగలిగేవాళ్ళు టీములో ఉండాలి కదా. కొత్త సాక్ష్య చట్టం, భారతీయ సాక్ష్య అధినియంలో కూడా ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రంలో హాష్ విలువ రాయాలి. మనకి సెకండియర్‌లో చెప్పి వదిలేసిన హాషింగ్, ఇప్పుడు కోర్టు కాగితంలో ఒక గడి అయి కూర్చుంది!

ఎల్‌ఎల్‌ఎం చేసి అమెరికా పెద్ద ఫర్మ్‌లో చేరిపోదాం అనుకునేవాళ్ళకి క్లుప్తంగా చెప్తా. అక్కడ కొత్త అసోసియేట్‌కి పెద్ద ఫర్మ్‌లిచ్చే 2,25,000 డాలర్ల జీతం నిజమే. ఆ సీట్లు ప్రధానంగా మూడేళ్ళ జేడీ చదివినవాళ్ళవి. అక్కడా మొదటి ఏడాది గ్రేడ్లే మొదటి జల్లెడ. ఇక్కడి గ్రేడ్ల నుంచి తప్పించుకోవడానికి అప్పు చేసి అక్కడికి వెళ్ళడం నాకైతే పొసగదు.

'మార్కులెందుకు తక్కువ?'

ఎన్ని తిప్పలు పడినా ఈ ప్రశ్న తప్పదు. చెల్లి మొదట సిద్ధం చేసుకున్న జవాబులో నాన్న అనారోగ్యం, హాస్టల్ భోజనం, ప్రొఫెసర్ పక్షపాతం అన్నీ ఉన్నాయి. అన్నీ నిజాలే కావచ్చు. వినేవాడికి మాత్రం సాకుల్లా వినిపిస్తాయి. చివరికి ఇలా కుదించుకుంది: 'మొదటి రెండేళ్ళు ఇంగ్లిష్‌లో రాయడం రాలేదు. మూడో ఏడాది నుంచి గ్రేడ్లు ఇవి. ఈ ఏడాది రాసిన డ్రాఫ్టు ఇది.' మూడు వాక్యాలు. కాంట్రాక్టులు, కంపెనీ లా లాంటి సబ్జెక్టులోనే గ్రేడ్ తక్కువుంటే అదనంగా ఆ సబ్జెక్టులో లోతుగా అడుగుతారు. కాంట్రాక్ట్ చట్టం మొదటి 75 సెక్షన్లు నిద్రలో లేపినా చెప్పగలగాలి. సీజీపీఏ దాచేసి సీవీ పంపడం మాత్రం వద్దు. గడి ఖాళీగా ఉంటే చదివేవాళ్ళు అందులో ఇంకా తక్కువ అంకె ఊహించుకుంటారు.

దీనికయ్యే ఖర్చు కూడా చెప్పకపోతే మోసమవుతుంది. పక్క తలుపు దాకా నడవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఆ కాలంలో చిన్న ఛాంబర్ ఇచ్చేది ఇంటి అద్దెకీ, భోజనానికీ సరిపోతే గొప్ప. విద్యారుణం వాయిదాలు మాత్రం సాధారణంగా కోర్సు ముగిసిన ఏడాదికి మొదలైపోతాయి. హైదరాబాద్‌లోని బహుళజాతి కంపెనీల కార్యాలయాల్లో కాంట్రాక్టులు చూసే ఉద్యోగాలున్నాయి, జీతం వెంటనే వస్తుంది. అవి తక్కువ ఉద్యోగాలేం కాదు. కాకపోతే అక్కడ రెండేళ్ళు చేసి పెద్ద ఫర్మ్‌కి మారడం కష్టమని నేను చూసినంతలో చెప్తున్నా. వెయిటింగ్ రూములా భావించి చేరితే అక్కడే ఉండిపోవచ్చు. ఇంట్లో ఈఎంఐ కట్టేవాళ్ళు ఇంకెవరూ లేకపోతే అదే సరైన నిర్ణయమూ కావచ్చు. దీన్ని మీ ఇంటి లెక్క చూసి మీరే తేల్చుకోవాలి, నాలాంటి వాడు పేపర్లో రాసింది చూసి కాదు.

చెల్లి ఛాంబర్‌కే వెళ్ళింది. ఇంటర్న్‌షిప్ చేసిన చోటే, నెలకి 22 వేలకి. మొదటి ఏడాది దాటాక ఈఎంఐలో సగం బాబాయి కట్టాడు, కొంత నేను సర్దా. రెండేళ్ళలో దివాలా దరఖాస్తులు, జవాబులు, రిజల్యూషన్ ప్లాన్ల మీద అభ్యంతరాలు కలిపి ఎనభై దాకా డ్రాఫ్ట్ చేసింది. ఓ కేసులో ఎదుటి పక్షం ఒక పెద్ద ఫర్మ్. కాగితాలు అటూ ఇటూ తిరిగేటప్పుడు అక్కడి సీనియర్ అసోసియేట్ తన డ్రాఫ్టింగ్ గమనించిందట. ఆరు నెలల తర్వాత ఆమే మెసేజ్ పెట్టింది: 'మా టీములో ఖాళీ ఉంది, సీవీ పంపు.'

మొదటి ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న సీజీపీఏ గురించే. ఆ మూడు వాక్యాలు చెప్పింది. తర్వాత నలభై నిమిషాలు ఒకే కేసు మీద గడిచిపోయాయి. ఆఫర్ వచ్చింది గానీ, తన రెండేళ్ళ అనుభవాన్ని ఏడాదిగానే లెక్కేశారు. చిన్నచోట్ల నుంచి వచ్చేవాళ్ళకి ఇలా కోత పెట్టడం మామూలేనట. క్యాంపస్‌లో ఎంపికైన తన క్లాస్‌మేట్ ఇప్పుడు తనకంటే ఒక మెట్టు పైన. ఇంకో వింత, చేతికొచ్చింది జీతం కాదు, ప్రొఫెషనల్ ఫీజు. లాయరుగా ప్రాక్టీసు చేసేవాళ్ళు పూర్తికాలం జీతగాళ్ళుగా ఉండకూడదని బార్ కౌన్సిల్ 49వ నియమం చెప్తుంది కాబట్టి చాలా ఫర్మ్‌లు రిటైనర్ పద్ధతిలోనే చెల్లిస్తాయి. పది శాతం టీడీఎస్ పోను వస్తుంది, పీఎఫ్ ఉండదు. ఆఫర్ చూసి లెక్క వేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

చేరే ముందు పంపాల్సిన కాగితాల జాబితా వచ్చింది. ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, ఆలిండియా బార్ పరీక్ష ఫలితం, పాన్, ఆధార్. చివర్లో, పది సెమిస్టర్ల మార్కుల మెమోలు. స్కాన్ చేయడానికి మా ఇంటికే వచ్చింది. మొదటి సెమిస్టర్ మెమో స్కానర్ మీద పెట్టి "ఇది కాస్త మసగ్గా వచ్చినా ఫర్లేదు అన్నయ్యా" అంది.